మ్యాప్ అడగని సంగతులు మనమే చెప్పాలి

ఫోన్‌లో మ్యాప్ గురించి సందేహాలుంటే రాయమని పోయిన నెల అడిగితే జమ్మికుంట నుంచి ఏటూరునాగారం దాకా ఉత్తరాలు వచ్చాయి. అన్నీ చదివాక నాకు ఒకటి అర్థమైంది. మనం ఏ బండి మీద వెళ్తున్నామో, ఎన్ని గంటలకు బయల్దేరతామో, దారిలో సిగ్నల్ ఉంటుందో ఉండదో మ్యాప్ మనల్ని అడగదు. మనం చెప్పకపోతే ఇప్పుడే వెళ్తున్నామని, నెట్ ఉందని, మొన్న వాడిన బండి మీదే వెళ్తున్నామని తనే అనుకుని దారి చూపిస్తుంది. ఇవన్నీ చెప్పడానికి అందులో చోటు ఉంది కానీ చాలామంది అటువైపు చూడరు. జవాబుల్లో నేను చెప్పే మెనూలు గూగుల్ మ్యాప్స్‌వి, ఎక్కువమంది ఫోన్లలో ఉండేది అదే కాబట్టి. మీ ఫోన్‌లో పేర్లు కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు, చూసుకోండి.

ప్ర: అన్నా నమస్తే. మొన్న ఆదివారం పిల్లల్ని తీసుకుని కారులో బొగత జలపాతానికి వెళ్ళాం. పోయేటప్పుడు బాగానే ఉంది. తిరిగొచ్చేటప్పుడు అడవిలో ఒకచోట ఆగి మ్యాప్ మళ్ళీ తెరిస్తే ఖాళీ తెర తప్ప ఏమీ రాలేదు, సిగ్నల్ అస్సలు లేదు. చీకటి పడుతుంటే ఇంట్లోవాళ్ళకి టెన్షన్. జీపీఎస్ శాటిలైట్ నుంచి వస్తుందంటారు కదా, నెట్ లేకపోతే ఎందుకు పనిచేయలేదు?
(ఒక పాఠకుడు, హనుమకొండ)

జ: జీపీఎస్ శాటిలైట్ నుంచే వస్తుంది తమ్ముడూ, దానికి నెట్ అక్కర్లేదు, సిమ్ కూడా అక్కర్లేదు. మీరు ఆగినచోట కూడా, మనం ఎక్కడున్నామో చూపించే ఆ నీలం చుక్క తన పని తాను చేసుకునే ఉంటుంది. లేనిదల్లా చుక్క కింద ఉండాల్సిన మ్యాప్. రోడ్లు, ఊళ్ళు, మలుపులు ఉన్న ఆ బొమ్మంతా నెట్ ద్వారా ముక్కలు ముక్కలుగా ఫోన్‌లోకి వస్తుంది, సిగ్నల్ పోతే ముక్కలు రావు. వెళ్ళేటప్పుడు ఇబ్బంది రాలేదంటే, మీరు హనుమకొండలో 'స్టార్ట్' నొక్కినప్పుడే ఆ దారి పొడవునా కావాల్సిన మ్యాప్ ఫోన్‌లోకి దిగింది కాబట్టి. తిరుగు ప్రయాణం కొత్తగా అడిగారు, అడగడానికి నెట్ లేదు.

దీనికోసమే ఆఫ్‌లైన్ మ్యాప్ ఉంది. ఇంట్లో వైఫై ఉన్నప్పుడు మ్యాప్స్ తెరిచి, పైన కుడివైపు మీ ఫొటో నొక్కితే 'ఆఫ్‌లైన్ మ్యాప్స్' అని కనిపిస్తుంది. అందులో 'సెలెక్ట్ యువర్ ఓన్ మ్యాప్' నొక్కితే ఒక చతురస్రం వస్తుంది, దాన్ని వేళ్ళతో లాగి హనుమకొండ ఒక మూలన, బొగత దగ్గరి వాజేడు ఇంకో మూలన పడేలా పెట్టండి. ఎన్ని ఎంబీలు పడుతుందో కిందే రాసి ఉంటుంది, డౌన్‌లోడ్ నొక్కితే సరి. ఇక సిగ్నల్ లేకపోయినా ఊళ్ళు వెతకొచ్చు, కారు దారి అడగొచ్చు, మలుపు దగ్గర గొంతు కూడా చెబుతుంది.

ఇందులో రెండు మూడు మెలికలున్నాయి, అవి తెలియకే చాలామంది ఆఫ్‌లైన్ పనిచేయదనుకుంటారు. నెట్ లేనప్పుడు కారు దారి మాత్రమే వస్తుంది, నడక దారి రాదు, బస్సు దారీ రాదు. ట్రాఫిక్ ఎక్కడ ఆగిందో తెలియదు. డౌన్‌లోడ్ చేసిన మ్యాప్‌కి గడువు ఉంటుంది, అప్‌డేట్ చేయకపోతే కొన్నాళ్ళకి దానంతటదే పోతుంది, కాబట్టి ప్రయాణం ముందురోజు ఒకసారి ఆ జాబితా తెరిచి చూడండి. ఇంకొకటి, సిగ్నల్ లేనిచోట ఫోన్ ఆపి మళ్ళీ వేస్తే చుక్క దొరకడానికి మామూలుకన్నా ఎక్కువసేపు పట్టొచ్చు. మామూలుగా ఫోన్ ఏ శాటిలైట్ ఎక్కడుందో నెట్ ద్వారా ముందే తెలుసుకుంటుంది, నెట్ లేకపోతే ఆ వివరం కూడా శాటిలైట్ నుంచే నిదానంగా అందుకోవాలి. అలాంటప్పుడు చెట్ల కింద నుంచి ఆకాశం బాగా కనబడే చోటుకి వచ్చి ఫోన్ కదపకుండా కాసేపు పట్టుకోండి, వస్తుంది.

అడవి దారుల్లో ఎక్కువ తిరిగేవాళ్ళు ఆర్గానిక్ మ్యాప్స్ అనే యాప్ కూడా పెట్టుకోవచ్చు. అది మొత్తం ఆఫ్‌లైన్‌లోనే నడుస్తుంది, నడక దారి కూడా చూపిస్తుంది. రామప్ప, లక్నవరం, బొగత ఒకే రోజు తిరగాలనుకునే వాళ్ళకి నా సలహా రెండూ ఉంచుకోమనే.

ప్ర: బిడ్డా, నాకు నర్సంపేట దగ్గర పొలం ఉంది, మక్కలు వేస్తాం. కోత మిషన్‌కి ఎకరం లెక్కన ఇవ్వాలి. ఒకరు ఎకరన్నర అంటారు, ఇంకొకరు పావుతక్కువ రెండెకరాలు అంటారు. ఫోన్‌లో మ్యాప్ మీద పొలం కొలవొచ్చని మా మనవడు చెప్తున్నడు. నిజమేనా?
(ఒక రైతు, నర్సంపేట)

జ: నిజమే బాపూ, మీ మనవడు సరిగ్గానే చెప్పాడు. కంప్యూటర్ ఉంటే ఇంకా సులువు. గూగుల్ మ్యాప్స్ తెరిచి శాటిలైట్ బొమ్మ పెట్టుకుని, పొలం మూల మీద మౌస్ కుడి బటన్ నొక్కితే 'మెజర్ డిస్టెన్స్' అని వస్తుంది. అది నొక్కాక ఒడ్డు వెంబడి ఒక్కో మూల దగ్గర క్లిక్ చేసుకుంటూ వచ్చి, చివరికి మొదలుపెట్టిన చుక్క మీదే మళ్ళీ క్లిక్ చేయాలి. చుట్టూ గీత కలవగానే విస్తీర్ణం ఎన్ని చదరపు మీటర్లో చూపిస్తుంది. ఫోన్‌లో అయితే మ్యాప్స్ యాప్ దూరం మాత్రమే కొలుస్తుంది, విస్తీర్ణం కావాలంటే గూగుల్ ఎర్త్ యాప్‌లో కొలిచే గుర్తు ఉంటుంది.

ఇక లెక్క. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు, 40 గుంటలు. గుంట అంటే 121 చదరపు గజాలు, మీటర్లలో 101 చిల్లర. మీకు కనిపించిన మీటర్ల అంకెను 101తో భాగిస్తే గుంటలు వచ్చేస్తాయి. 6,475 అని వచ్చిందనుకోండి, 64 గుంటలు, అంటే ఎకరం 24 గుంటలు. మీకు చెప్పిన రెండు లెక్కలకీ మధ్యలో ఉంది చూశారా.

అయితే మూలలు జాగ్రత్తగా పెట్టాలి. 80 మీటర్ల పొడవు, 80 మీటర్ల వెడల్పు ఉన్న మడికి నాలుగు వైపులా ఒక్క మీటరు లోపలికి గీత గీస్తే చాలు, మూడు గుంటలు తగ్గిపోతుంది. చెట్టు కొమ్మ ఒడ్డు మీద పడి కనబడకపోతే అదే జరుగుతుంది. పైగా ఆ బొమ్మ ఈరోజుది కాదు, ఎప్పుడో తీసింది. కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ తెరిస్తే పాత సంవత్సరాల బొమ్మలు కూడా చూడొచ్చు, వాటిలో ఒడ్లు శుభ్రంగా కనబడేది ఎంచుకుని కొలవండి. రెండు మూడుసార్లు కొలిచి దగ్గర దగ్గరగా వస్తే ఆ లెక్క నమ్మొచ్చు.

కోత కూలికి, మందు డబ్బాలు ఎన్ని కావాలో చూసుకోవడానికి ఇది హాయిగా సరిపోతుంది. పక్క పొలం వాళ్ళతో ఒడ్డు పంచాయితీ ఉంటే మాత్రం దయచేసి ఫోన్ చూపించి మాట్లాడకండి. దానికి నక్షా (ఊరి భూముల పటం), టిప్పన్ (పొలం కొలతలు రాసిన పటం) పట్టుకుని సర్వేయర్ మోకా మీదికి వచ్చి కొలిచిందే చెల్లుతుంది.

ప్ర: కారులో గిర్మాజీపేట వైపు వెళ్తుంటే మ్యాప్ బైకు మాత్రమే పట్టే సందులోకి తీసుకెళ్ళింది. వెనక్కి తీయడానికి అరగంట పట్టింది. ఎందుకిలా?
(ఒక పాఠకుడు, కాజీపేట)

జ: దారి అడిగినప్పుడు పైన ఉండే బొమ్మల వరసలో మీది కారు మీద ఉందా, బైకు మీద ఉందా చూశారా? రోజూ బైకు మీద తిరిగేవాళ్ళ ఫోన్‌లో అది బైకు మీదే ఉండిపోతుంది. ఈ టూవీలర్ పద్ధతిని గూగుల్ 2017 డిసెంబర్‌లో మన దేశంలోనే మొదట తెచ్చింది, కార్లు పట్టని అడ్డదారులు కూడా లెక్కలోకి తీసుకోవడమే దాని పని. అందుకని కారు ఎక్కిన ప్రతిసారీ ఆ బొమ్మ చూసుకోండి. కారు మీద పెట్టినా ఇరుకు సందులు వస్తాయా అంటే, రావచ్చు. ఇరుకు రోడ్లు తప్పించే సౌకర్యం 2024 జులైలో ముందుగా ఎనిమిది నగరాలకి ప్రకటించారు, వాటిలో హైదరాబాద్ ఉంది, వరంగల్ లేదు. కాబట్టి పాత బజారు వైపు వెళ్ళేటప్పుడు స్టార్ట్ నొక్కేముందు చివరి అర కిలోమీటరు దగ్గరగా పెంచి శాటిలైట్ బొమ్మలో చూడండి, సందు వెడల్పు కంటికే తెలిసిపోతుంది. సందేహం ఉంటే పెద్ద రోడ్డు మీదే ఆపి నడిచి వెళ్ళండి. అప్పుడు నీలం చుక్క నొక్కి 'సేవ్ పార్కింగ్' పెట్టుకుంటే తిరిగొచ్చేటప్పుడు కారు ఎక్కడ పెట్టామో వెతుక్కునే పని ఉండదు.

ప్ర: సార్, మా అక్క పెళ్ళి. హనుమకొండ నుంచి బయల్దేరి హుజూరాబాద్, జమ్మికుంట, పరకాల, భూపాలపల్లి, ములుగు, నర్సంపేటలో పత్రికలు పంచి రాత్రికి ఇంటికి రావాలి. ఒక్కో ఊరికి విడివిడిగా దారి పెట్టుకుంటున్నాను. అన్నీ ఒకేసారి పెట్టే వీలుందా?
(ఒక డిగ్రీ విద్యార్థి, హనుమకొండ)

జ: ఉంది. మొదటి ఊరికి దారి అడిగాక మూడు చుక్కల గుర్తులో 'యాడ్ స్టాప్' ఉంటుంది, తొమ్మిది స్టాపుల దాకా పెట్టుకోవచ్చు. మీ ఆరు ఊళ్ళూ, చివర ఇల్లూ కలిపి ఏడే కాబట్టి ఒక్క దారిలోనే సరిపోతాయి. కానీ ఏ ఊరు ముందు, ఏది వెనక అన్నది మ్యాప్ సర్దిపెట్టదు, మీరు ఎక్కించిన వరసలోనే తిప్పుతుంది. నర్సంపేట ముందు, జమ్మికుంట తర్వాత అని పెడితే అలాగే అటూ ఇటూ తిప్పుతుంది. ఊరి పేరు పక్కనున్న గీతల్ని వేలితో పట్టి పైకీ కిందకీ జరిపితే వరస మారుతుంది, కింద మొత్తం సమయం ఎలా తగ్గుతుందో చూస్తూ సర్దండి. మీరు రాసిన వరస చక్కగా గుండ్రంగా వస్తోంది, నేనైతే అదే ఉంచుతాను.

ఒక్కో ఊళ్ళో నాలుగిళ్ళు ఉంటే స్టాపులు చాలవు, అప్పుడు కంప్యూటర్‌లో గూగుల్ మై మ్యాప్స్ తెరిచి ఇళ్ళన్నిటికీ గుర్తులు పెట్టుకోండి, ఫోన్‌లో అవే కనిపిస్తాయి, అన్నదమ్ములిద్దరూ చెరోవైపు వెళ్ళినా ఒకే మ్యాప్ చూసుకోవచ్చు. కంప్యూటర్‌లో ఇంకో సుఖం ఉంది. మీకు తెలిసిన మంచి రోడ్డు మీదుగా దారి రాకపోతే ఆ నీలం గీతనే మౌస్‌తో పట్టి ఆ రోడ్డు మీదికి లాగొచ్చు. తర్వాత 'సెండ్ టు ఫోన్' నొక్కితే దారి ఫోన్‌కి వస్తుంది, స్టార్ట్ చేసేముందు మాత్రం మీరు లాగిన రోడ్డు మీదుగానే వచ్చిందా అని ఒకసారి చూసుకోండి.

ప్ర: వెంకటాపురంలో పెళ్ళికి పిలిచారు. మ్యాప్‌లో వెంకటాపురం కొట్టి వెళ్ళాం. ఏటూరునాగారం దాటాక అనుమానం వచ్చి ఫోన్ చేస్తే పెళ్ళి రామప్ప దగ్గర అన్నారు. ముహూర్తం దాటిపోయింది. ఇంకెవరికీ ఇలా కాకుండా చెప్పండి.
(ఒక గృహిణి, జమ్మికుంట)

జ: అమ్మా, ఎంత బాధపడి ఉంటారో తెలుస్తోంది. ములుగు జిల్లాలోనే రెండున్నాయి, రామప్ప గుడి ఉన్న పాలంపేట వైపు వెంకటాపూర్ ఒకటి, గోదావరి అవతల నూగూరు వెంకటాపురం ఇంకొకటి. రెండూ మండలాలే. నోటితో చెప్పేటప్పుడు రెండిటినీ వెంకటాపురమే అంటాం. ఊరి పేరుతో పాటు మండలం, పక్కన తెలిసిన ఊరు అడగడం మంచి అలవాటే, కానీ అసలైన పద్ధతి పేరును నమ్ముకోకపోవడం. పిలిచేవాళ్ళు ఫంక్షన్ హాల్ దగ్గర నిలబడి, మ్యాప్ మీద వేలు నొక్కి పట్టుకుంటే ఎర్ర గుర్తు పడుతుంది, దాన్ని షేర్ చేస్తే చాలు.

ఆ గుర్తు కింద రెండు రకాల చిరునామా కనిపిస్తుంది. ఒకటి అంకెల జంట, అక్షాంశం, రేఖాంశం. మన వైపు మొదటి అంకె 17తోనో 18తోనో, రెండోది 79తోనో 80తోనో మొదలవుతుంది. ఎవరైనా పంపింది తిరగేసి 79 ముందు రాశారంటే మ్యాప్ ఉత్తర ధ్రువం దగ్గర నార్వే వాళ్ళ స్వాల్‌బార్డ్ దీవులకి తీసుకెళ్తుంది, కాబట్టి ముందు ఆ వరస చూడండి. చుక్క తర్వాత నాలుగు అంకెలుంటే 11 మీటర్ల లోపు, ఐదుంటే ఒక మీటరు లోపు తేడాతో చోటు తెలుస్తుంది.

రెండోది ప్లస్ కోడ్. నాలుగు అక్షరాలు, మధ్యలో ప్లస్ గుర్తు, తర్వాత రెండు అక్షరాలు, పక్కన ఊరి పేరు. దాదాపు 14 మీటర్ల చదరం, అంటే ఒక ఇల్లు. సున్నాకీ ఓకీ, ఒకటికీ ఐకీ తికమక రాకుండా అలాంటి అక్షరాలు అందులో వాడరు కాబట్టి ఫోన్‌లో చదివి చెప్పడం తేలిక. ఒక్క జాగ్రత్త, పక్కనున్న ఊరి పేరు కొట్టేసి పంపొద్దు. ఆ ఆరు అక్షరాలు సుమారు ప్రతి 110 కిలోమీటర్లకి మళ్ళీ వస్తాయి, ఏ ప్రాంతమో చెప్పేది ఊరి పేరే.

పెళ్ళి పత్రిక అచ్చు వేయించేటప్పుడు కింద ఈ కోడ్ ఒక లైను వేయించండి. వెంకటాపురం వాళ్ళు తప్పకుండా వేయించాలని నా కోరిక.

ప్ర: కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నాం. ఇంటి నంబరు ఇంకా రాలేదు. సామాన్లు తెచ్చే అబ్బాయి రోజూ ఫోన్ చేసి ఎక్కడ, ఎక్కడ అంటాడు. మా అత్తగారికి గుండె జబ్బు, రాత్రిపూట అంబులెన్స్ పిలవాల్సి వస్తే ఎలా అని భయం.
(ఒక పాఠకురాలు, హసన్‌పర్తి)

జ: అక్కా, పైన చెప్పిన ప్లస్ కోడ్ మీకు ఇంకా ఎక్కువ అవసరం. ఇంటి గేటు దగ్గర నిలబడి తీసుకుని, పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి ఫోన్ పెట్టే చోట గోడకి అంటించండి. ఆ సమయంలో కంగారులో ఎవరికీ ఏదీ గుర్తుండదు. 108కి ఫోన్ చేసినప్పుడు కాలనీ పేరు, దగ్గర్లోని గుడో బడో ముందు చెప్పి, డ్రైవర్ ఫోన్ చేస్తే ఆయన నంబరుకి లొకేషన్ పంపండి.

తపాలా శాఖ వాళ్ళది డిజిపిన్ అనే చిరునామా కోడ్ కూడా ఉంది. ఐఐటీ హైదరాబాద్, ఇస్రోకి చెందిన ఎన్‌ఆర్‌ఎస్‌సీ (నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్)తో కలిసి చేసి 2025 మేలో విడుదల చేశారు. పది అక్షరాలు, నాలుగు మీటర్ల చదరం, అంటే గేటు దాకా చెబుతుంది. తపాలా శాఖ సైట్‌లో లొకేషన్ ఆన్ చేసి చూస్తే మీ కోడ్ వస్తుంది. ఆరంకెల పిన్‌కోడ్ మాత్రం యథావిధిగా రాయాలి, ఇది దానికి బదులు కాదు.

ప్ర: మా అమ్మాయి హైదరాబాద్ నుంచి శుక్రవారం రాత్రి కారులో వస్తుంది. వాట్సాప్‌లో లొకేషన్ పంపుతుంది కానీ గంట తర్వాత చూసినా ఉప్పల్‌లోనే ఉన్నట్టు కనబడుతుంది. నాకు ప్రాణం పోయినంత పనవుతుంది.
(ఒక తల్లి, జనగామ)

జ: అమ్మాయి పంపుతున్నది 'కరెంట్ లొకేషన్' అమ్మా. పంపిన క్షణంలో ఎక్కడుందో అదొక్కటే, తర్వాత కదలదు. 'లైవ్ లొకేషన్' పంపమనండి, 15 నిమిషాలు, గంట, 8 గంటలు అని మూడుంటాయి, 8 గంటలది పెడితే ఇల్లు చేరేదాకా కనిపిస్తుంది. ఇంతకన్నా మంచిది ఇంకోటుంది, కారులో మ్యాప్ పెట్టుకున్నప్పుడు కింద పట్టీని పైకి లాగితే 'షేర్ ట్రిప్ ప్రోగ్రెస్' ఉంటుంది. అందులో మీకు దారి, చేరే సమయం రెండూ కనిపిస్తాయి, చేరాక దానంతటదే ఆగిపోతుంది, పిల్లలకి మనం ఎప్పుడూ వెంటాడుతున్నట్టు అనిపించదు. గూగుల్ లొకేషన్ షేరింగ్ అయితే అమ్మాయి ఫోన్‌లో బ్యాటరీ ఎంతుందో కూడా చూపిస్తుంది. చుక్క కదలకపోతే ముందు అది చూడండి, చాలాసార్లు బ్యాటరీ అయిపోవడమో, దారిలో సిగ్నల్ లేకపోవడమో కారణం అవుతుంది.

ప్ర: ఉదయం తొమ్మిదిన్నరకి కాజీపేటలో రైలు. ముందురోజు రాత్రి మ్యాప్ చెప్పిన టైం చూసుకుని బయల్దేరితే చేరలేకపోయాను.
(ఒక ఉద్యోగి, పరకాల)

జ: రాత్రి పదింటికి చూస్తే రాత్రి పదింటి రోడ్డుకి లెక్క చెబుతుంది. అప్పటికి రోడ్డు మీద ఫోన్లు ఎంత వేగంగా కదులుతున్నాయో దాన్నిబట్టి వచ్చే అంకె అది. మూడు చుక్కల్లో 'సెట్ డిపార్ట్ ఆర్ అరైవ్ టైం' నొక్కి, రేపటి తేదీ, 9 గంటలకి చేరాలి అని పెట్టండి. వారంలో ఆ రోజు, ఆ వేళ మామూలుగా ఉండే రద్దీని బట్టి ఎప్పుడు బయల్దేరాలో చెబుతుంది. తక్కువ ఎంత, ఎక్కువ ఎంత అని రెండంకెలు వస్తే పెద్దదే పట్టుకోండి.

ప్ర: మేడారం జాతరకి మ్యాప్ నమ్మొచ్చా?
(ఒక పాఠకుడు, మహబూబాబాద్)

జ: మేడారం దారిలోని పస్రా దాకా నమ్మండి. అక్కడి నుంచి పోలీసుల మాటే. జాతర రోజుల్లో వెళ్ళే దారి ఒకటి, వచ్చే దారి ఒకటి అని వన్‌వే పెడతారు, గంటగంటకీ మారుస్తారు కూడా. అంతమంది ఒకేచోట ఉన్నప్పుడు సిగ్నల్ కూడా అందదు, కాబట్టి ఆఫ్‌లైన్ మ్యాప్ ముందే దించుకుని, బండి పెట్టిన పార్కింగ్ చోటు దిగగానే సేవ్ చేసుకోండి. కుటుంబం తప్పిపోతే కలుసుకునే చోటు మాత్రం ఫోన్‌లో కాకుండా నోటితో చెప్పుకోండి.

ప్ర: మా ఊరి కొత్త రోడ్డు మ్యాప్‌లో లేదు. ఊరి పేరు కూడా తప్పు రాసి ఉంది. ఎవరికి చెప్పాలి?
(ఒక యువకుడు, మంగపేట)

జ: మీరే దిద్దొచ్చు తమ్ముడూ. ఊరి పేరు మీద నొక్కితే 'సజెస్ట్ యాన్ ఎడిట్' ఉంటుంది, తెలుగులో పేరు ఎలా రాయాలో కూడా అక్కడే రాయండి. రోడ్డుకైతే మీ ఫొటో నొక్కాక వచ్చే మెనూలో 'ఎడిట్ ద మ్యాప్' లాంటి మాట కోసం చూడండి. వాళ్ళు సరిచూసి మార్చేదాకా కొన్నాళ్ళు పడుతుంది, ఒకరికన్నా నలుగురు పంపితే మంచిది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అని ఇంకోటి ఉంది, 2004లో బ్రిటన్‌లో మొదలైంది, వికీపీడియాలాగా ఎవరైనా రాయొచ్చు. అందులో మీరు గీసిన రోడ్డు త్వరగా కనిపిస్తుంది, మొదటి జవాబులో చెప్పిన ఆర్గానిక్ మ్యాప్స్ వాడేది ఆ మ్యాప్‌నే. మీ ఊరి చెరువు, బడి, ఆరోగ్య కేంద్రం, వానాకాలంలో మునిగే వాగు మీది దారి, అన్నీ పెట్టండి. పెట్టాక నాకు రాయండి, వచ్చే నెల ఆ మ్యాప్ బొమ్మ ఇక్కడ వేస్తాను.